లెక్కలు పెట్టడానికి డబ్బుల్లేవండీ!

ఉండి మండలంలో ఓ పంచాయతీ. పేరు చెప్పను, చెబితే పక్క ఊళ్లవాళ్లు ‘మాదెందుకు రాయలేదు’ అని నొచ్చుకుంటారు. ఆఫీసు గోడకి అద్దాల నోటీసు బోర్డు ఉంది. లోపలి కాగితం ఎండకి పసుపు తిరిగి, అక్షరాలు వెలిసిపోయాయి. కొత్తది అంటిద్దామంటే తాళంచెవి పాత కార్యదర్శితోపాటే బదిలీ అయిపోయిందట.

ఎవరూ అడక్కుండానే 17 రకాల వివరాలు 120 రోజుల్లో బయటపెట్టమని సమాచార హక్కు చట్టం 2005లోనే చెప్పింది. పోనీ ఆన్‌లైన్‌లో పెట్టించకూడదా అంటే సర్పంచి గారు నిట్టూర్చారు.

“పెట్టడానికేముందండీ! టైపు కొట్టేవాడు కావాలి, స్కానరు కావాలి, నెట్టు కావాలి. పంచాయతీకి ఎక్కడివండీ డబ్బులు?”

పాపం, నిజమే. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులు పూసిన రోజుల్లో మాత్రం ఈ బెంగ ఎవరికీ లేదు. 2020లో హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టూ కాదనలేదు. పూయడానికో ఖర్చు, చెరపడానికో ఖర్చు. స్కానరు మాత్రం భారం.

భారం మాటకొస్తే, కాలిఫోర్నియాలో నీళ్లకీ, మంటలార్పడానికీ, ఆఖరికి శ్మశానానికీ విడివిడిగా స్థానిక సంస్థలుంటాయి. 2020 జనవరి 1 నుంచి వాటికి వెబ్‌సైటు ఉండితీరాలని చట్టం. స్తోమత లేకపోతే ఎందుకు లేదో కారణాలు రాసి తీర్మానం చెయ్యాలి, అదీ ఏటేటా. ఎంత అవస్థ! మన కాలవల మీద నీటి సంఘాలకి ఆ బాధ లేదు. 1997 చట్టంతో పుట్టాయి, 2024 డిసెంబరులో ఎన్నికలూ జరిగాయి. గుర్రపుడెక్క తీయించడానికి ఎంతయిందో తెలియాలంటే మాత్రం గట్టు మీద టీ కొట్టువాణ్ణి అడగాలి.

అడిగినవాడికి చెప్పడం ఉచితం అనుకుంటున్నారేమో. గ్రామ స్థాయిలో సమాచార దరఖాస్తుకి రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు. ఒకే లెక్క పదిమంది అడిగితే పదిసార్లు బీరువా తెరవాలి, పదిసార్లు జిరాక్సు తీయాలి, ఆపైన అప్పీళ్లు. ఈ ఖర్చు ఏ బడ్జెట్టులోనూ కనపడదు గనక ఎవరికీ నొప్పి లేదు.

“కేంద్రం 2020లోనే ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ పెట్టింది కదండీ, ఆర్థిక సంఘం నిధుల లెక్కలు అందులో ఎక్కిస్తూనే ఉన్నారుగా? ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు కూడా ఉన్నాడు. ఆ లింకేదో ఊళ్లో వాట్సాప్ గ్రూపులో పడేస్తే పైసా ఖర్చు లేదు” అన్నాను.

సర్పంచి గారు అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“మెల్లగా అనండి! ఆ మాటకొస్తే రాష్ట్రమే 2021లో జీవోలు నెట్టులో పెట్టడం మానేసిందండీ, మళ్లీ 2024లో కదా మొదలెట్టింది. పెద్దోళ్లకే లేని తొందర మాకెందుకండీ? రేపు వీధిలైట్లు ఎన్ని కొన్నామో పెట్టామనుకోండి, పనీపాటా లేనోడెవడో టార్చిలైటు పట్టుకుని స్తంభాలు లెక్కెట్టడానికి బయల్దేరతాడు. అప్పుడు తక్కువైన బల్బుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారండీ, మీరా?”