నేను, నీలం పంపును

భిలాయిలో నన్ను ఇన్హేలర్ అని పిలిచేవాళ్లు తక్కువ. ‘నీలం పంపు’ అంటే చాలు, మందుల షాపు కుర్రాడు నా అర వైపే చెయ్యి చాస్తాడు. నీలం ప్లాస్టిక్ తొడుగులో చిన్న అల్యూమినియం డబ్బీని నేను. లోపల సాల్బుటమాల్ ఉంటుంది, నొక్కుకి 100 మైక్రోగ్రాముల చొప్పున 200 నొక్కులకు సరిపడా. ఈ మందును ఇంగ్లండులో డేవిడ్ జాక్ బృందం తయారుచేసింది. 1969లో బజారులోకి వచ్చింది. అంతకుముందు ఆయాసానికి వాడిన ఐసోప్రెనలిన్ గుండెను కూడా దడదడలాడించేది. ఊపిరిగొట్టాల మీదే ఎక్కువగా పనిచేసి, గుండె జోలికి తక్కువగా పోయే మందు కావాలని నన్ను పుట్టించారు.

నేను చేరిన ఇల్లు ఖుర్సీపార్‌లో ఉంది. పెద్దావిడది పార్వతీపురం దగ్గర పల్లె. స్టీల్ ప్లాంటు ఉద్యోగిని పెళ్లాడి ఇక్కడికొచ్చింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇలా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. గడప దాటితే ఆవిడది హిందీయే. ఆయాసం వస్తే మాత్రం తెలుగు తప్ప నోట రాదు.

“ఒరే నాన్నా, పిల్లికూతలు మొదలయ్యాయిరా. ఆ నీలం పంపు ఇలాగియ్యి.”

చలికాలం పొద్దున్న వీధిలో ఎవరో బొగ్గుల సిగిడీ రాజేస్తే చాలు, ఆ కూతలు మొదలవుతాయి. ఆ వేళ లోపల జరిగేది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా తుంపర వెళ్లేది అక్కడికే. ఊపిరిగొట్టాల చుట్టూ నునుపు కండరం ఉంటుంది. పొగ తగలగానే నరాల కొసల నుంచి ఎసిటైల్‌కోలిన్ వస్తుంది. పడని దుమ్మో పుప్పొడో తగిలితే మాస్ట్ కణాలు హిస్టమిన్‌నీ ల్యూకోట్రయిన్లనీ వదులుతాయి. ఇవేవీ కండర కణం లోపలికి పోవు. పైపొర మీద తమ కోసం ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటాయి, అంతే. గ్రాహకం ఆకారం మారుతుంది. లోపలి వైపున్న జీక్యూ అనే ప్రొటీన్ మేలుకొని ఒక ఎంజైమును కదిలిస్తుంది. అది పైపొర కొవ్వును కోసి ఐపీ3 అనే చిన్న అణువును తయారుచేస్తుంది. ఆ అణువు కణంలోని కాల్షియం నిల్వల్ని తెరిపిస్తుంది. కాల్షియం కాల్మోడ్యులిన్‌తో జతకూడి ఇంకో ఎంజైమును లేపుతుంది. అది మయోసిన్‌కి ఫాస్ఫేటు తగిలిస్తే, మయోసిన్ ఆక్టిన్‌ను పట్టి లాగుతుంది. గొట్టం బిగుసుకుంటుంది. గొట్టం వ్యాసం సగమైతే నెమ్మదిగా పారే గాలికి అడ్డంకి రెట్టింపుతో ఆగదు, 16 రెట్లవుతుంది. పెద్దావిడ మంచం పట్టె పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగడం అందుకే.

అప్పుడు నేను దిగుతాను. నాకూ తలుపు గ్రాహకమే, దాని పేరు బీటా-2. అది లోపల జీఎస్ ప్రొటీన్‌ను లేపితే, ఏటీపీ అణువు సైక్లిక్ ఏఎంపీగా మారుతుంది. కండరంలో ఏటీపీ ఉందని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నారు. సైక్లిక్ ఏఎంపీని వెలికితీసిన ఎర్ల్ సదర్లాండ్‌కి 1971లో నోబెల్ వచ్చింది. తెలుగింటి అమ్మ ఛాతీలో బిగువు సడలే ఈ దారిలో సుబ్బారావు గారి పేరు తగలడం నాకెంతో గర్వం. సైక్లిక్ ఏఎంపీ పెరిగితే కాల్షియం తగ్గుతుంది, మయోసిన్ పట్టు వదులుతుంది. ఐదు నిమిషాల్లో కూతలు పలచబడతాయి. నాలుగు నుంచి ఆరు గంటలు నా ప్రభావం ఉంటుంది.

అయితే ఇంతా చేసి నేను కండరాన్నే సడలించగలను. గొట్టం లోపలి వాపు, పేరుకున్న కఫం నాకు లొంగవు. పైగా పదే పదే నన్నే నొక్కితే బీటా-2 గ్రాహకాలు అలసిపోతాయి. అరెస్టిన్ అనే ప్రొటీన్ వాటికి తగులుకుని కణం లోపలికి లాగేస్తుంది. పిలిస్తే పలికే తలుపులు తగ్గిపోతాయి. ఈ గ్రాహకాల మీద జీవితమంతా పనిచేసిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ ఇచ్చారు. నన్ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2019 నుంచి ఆస్తమా అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాపును తగ్గించే స్టెరాయిడ్ పంపు కూడా వాడాలి. అది కణం కేంద్రకం దాకా పోయి జన్యువుల పనినే మారుస్తుంది కాబట్టి ఫలితం గంటల్లో, రోజుల్లో గానీ తెలియదు. వెంటనే హాయి తెలియదు గనకే జనం దాన్ని మానేస్తారు. నాకు బాధ కలిగేది ఇక్కడే.

పెద్దావిడ కూడా మానేసింది. “స్టెరాయిడంటే ఒళ్లు పాడవుతుందట కదరా” అని మనవడితో అంది. “పీల్చేది తక్కువ మోతాదే అమ్మమ్మా. వాడాక నోరు పుక్కిలించు, సరిపోతుంది” అన్నాడతను. తర్వాత స్పేసర్ గొట్టం తెచ్చి నాకు తగిలించాడు. అదివరకు ఆవిడ ముందు నొక్కి, ఆనక ఊపిరి పీల్చేది. నా మందు సగానికి పైగా నాలుక మీదే పడేది. ఇప్పుడు నన్ను బాగా కుదిపి, ఊపిరి వదిలి, నొక్కి, గొట్టంలోంచి నిదానంగా పీల్చి, పది అంకెలు లెక్కపెడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లాలని టికెట్లు తీశారు. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం. భోగి మంటకి దూరంగా గాలి వచ్చేవైపు నిలబడాలని మనవడి షరతు. స్టెరాయిడ్ పంపును తన చేతిసంచీలో పైన పెట్టుకుని, నన్ను దాని కింద సర్దింది.