మీసాల సారు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త రాగానే మణికొండలో ఎవరి దిగులు వారిది. కారున్నవాడికి సెల్లారు దిగులు, బైకున్నవాడికి మర్రిచెట్టు జంక్షన్ దిగులు, మేనేజరుకి టీమంతా ఒకేసారి వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగుతుందన్న దిగులు. మా మూడో అంతస్తు మీసాల సారు మాత్రం ఆ వార్త చెవిన పడగానే ఫ్రిజ్‌లో కూరగాయలు ఇవతల పెట్టి నీళ్ల సీసాలు సర్దుతాడు. హాల్లో ఉన్న కోరీడోరాస్ చేపలు ఆ రాత్రికో మర్నాడు పొద్దుటికో గుడ్లు పెట్టాలి మరి.

కోరీడోరాస్ అంటే రెండంగుళాల క్యాట్‌ఫిష్. పొలుసులకి బదులు ఒంటి నిండా ఎముక పలకల కవచం, మూతికి మీసాలు. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. అక్కడ వానలు మొదలై నదిలోకి చల్లటి కొత్తనీరు దిగితే వాటికి ముహూర్తం కుదిరినట్టే. మణికొండలో ఆ నది లేదు కాబట్టి సారు ట్యాంకులో సగం నీళ్లు తోడేసి, చల్లబెట్టిన ఆర్వో నీళ్లు మగ్గుతో పైనుంచి చినుకుల్లా పోస్తాడు. వాన తానే అయి అరగంట సేపు కురుస్తాడు. ఆ సమయంలో ఫోన్ మోగితే ఎత్తడు. ఎత్తితే మ్యూట్‌లో ఉంటాడు.

సారుకి మీసాల్లేవు. నున్నగా గీసుకుంటాడు. ఆ పేరు మా వాచ్‌మన్ పెట్టింది. ‘మీసాల చేపల సారు’ అంటూ మొదలుపెట్టాడు, పిలవగా పిలవగా మధ్యలో చేపలు జారిపోయాయి.

ఈ రకం మనిషి మా ఒక్క అపార్ట్‌మెంటు సొత్తనుకోకండి. పుప్పాలగూడ నుంచి నార్సింగి దాకా టవరుకొకడు దొరుకుతాడు. పోల్చుకోవడం తేలిక. శనివారం పొద్దున్నే, మెళ్లో ఆఫీసు బ్యాడ్జి కూడా తియ్యకుండా, రోడ్డు పక్క బాదంచెట్టు కింద వంగి ఎండాకులు ఏరుతుంటాడు. బాదం ఆకు నానితే నీళ్లలోకి టానిన్లు దిగి, రంగు మారి, ఆ చేపలకి సొంతూరి నీళ్లు గుర్తొస్తాయట. ఇవే ఆకులు ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు, కొంటే కొనొచ్చు. కానీ ఏరుకున్న ఆకులో తృప్తి వేరంటాడు. వీధి ఊడ్చే ఆమె రెండు వారాలు చూసి మా వాచ్‌మన్‌ని పక్కకి పిలిచిందట. “పాపం, ఆ సారుకి నౌకరి పోయిందా ఏంది? ఆకులేరుకుంటున్నడు.”

జేబులో పెన్నుండాల్సిన చోట టీడీఎస్ మీటరుంటుంది. వేసవిలో మా బోరు ఎండి ట్యాంకరు వస్తే, అందరికన్నా ముందు సంపు దగ్గరికి దిగి ఆ మీటరు ముంచేది ఆయనే. రీడింగు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతాడు. ఎవరూ బొటనవేలు కూడా చూపించరు. మా నీళ్లు ఎంత గట్టివో కుళాయిలకి పట్టిన తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. ఆయన భార్యాబిడ్డలు స్నానం చేసేది ఆ నీళ్లతోనే. చేపలకి మాత్రం ఆర్వో నీళ్లలో ఈ నీళ్లు పాళ్ల ప్రకారం కలిపి, వేడి చూసి, రాత్రంతా గాలి ఆడించి పోస్తాడు. “నా జుట్టు ఊడిపోతోంది, దానిక్కూడా ఓ పాళం చెప్పండి” అని ఆవిడ ఒకసారి అడిగింది. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

డీప్ ఫ్రీజర్ సంగతి చెప్పక తప్పదు. అందులో ఎర్రటి చిన్న చిన్న గడ్డలుంటాయి. దానిమ్మ రసమని అత్తగారు ఒకసారి గ్లాసులో వేసుకోబోయింది. అవి బ్లడ్‌వార్మ్స్, అంటే దోమలాంటి ఒక ఈగ లార్వాలు. ఆవిడ ఆ తర్వాత అల్లుడింట్లో నీళ్లు కూడా తాను తెచ్చుకున్న సీసాలోవే తాగి వెళ్లింది.

ఇంటికి చుట్టాలొచ్చి, బజ్జీల పళ్లెం చేతికందాక సారు మొదలుపెడతాడు. మగచేప పక్కకి తిరిగి నిలబడుతుందనీ, ఆడచేప దాని పొట్టకి మూతి ఆనిస్తుందనీ, రెండూ కలిసి ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఆగిపోతాయనీ చేతులతో చూపిస్తాడు. ఆడచేప మగదాని వీర్యాన్ని తాగేస్తుంది. అది పేగుల గుండా కొద్ది సెకన్లలో బయటికొచ్చి, పొట్ట కింది రెక్కల దోసిట్లో పట్టుకున్న గుడ్లని తడుపుతుంది. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు ఆడచేప నోటి దగ్గర రంగు వదిలి మరీ తేల్చిన సంగతి ఇది. ఇక్కడికి వచ్చేసరికి మావగారి తరఫు పెద్దాయన బజ్జీ పళ్లెంలో పెట్టేసి, వర్షం వచ్చేలా ఉందంటూ లేస్తాడు. సారుకి ఆ ‘వర్షం’ ఒక్కటే వినబడుతుంది.

గుడ్లు అద్దానికి అంటుకుంటాయి. వాటిని పాత క్రెడిట్ కార్డుతో మెల్లగా గీకి చిన్న డబ్బాలోకి మార్చాలి, లేకపోతే పెట్టిన తల్లే తినేస్తుంది. తెల్లబడ్డవి బూజు పట్టినట్టు లెక్క, ఏరి పారెయ్యాలి. నాలుగైదు రోజులకి పిల్లలు బయటికొస్తాయి. వాటికి మేతగా బోర్లించిన కూల్‌డ్రింక్ సీసాలో ఉప్పునీళ్లు పోసి ఆర్టీమియా గుడ్లు పొదిగిస్తాడు. కాపరం మొత్తం ఈ నాలుగైదు రోజుల చుట్టూ తిరుగుతుంది. తిరుపతి మొక్కు మూడుసార్లు వాయిదా పడటానికి కారణం స్వామివారికి తెలుసు, చుట్టాలకి చెప్పలేదు.

పిల్లలు పెరిగితే అమ్మడు, ఇస్తాడు. అయితే ఊరికే ఇవ్వడు. అడగబోయినవాడికి పెళ్లిచూపులకి వెళ్లినట్టే ఉంటుంది. ట్యాంకు ఎన్ని లీటర్లు? అడుగున ఇసకా, గరుకు రాళ్లా? గరుకైతే మీసాలు అరిగిపోతాయి. ఒంటరిగా ఉంచుతారా, కనీసం ఆరింటిని కలిపి ఉంచుతారా? మా పక్క బ్లాకు కుర్రాడొకడు గుండ్రటి గాజు గిన్నె అని నోరు జారాడు. పాపం, ఈరోజుకీ లిఫ్టులో సారు వాడి మొహం చూడడు.

ఆఫీసులో ఆయన లాప్‌టాప్ తెర మీద నలుపు తెలుపు చారల చేప ఉంటుంది. పేరు ఎల్ నలభై ఆరు. ఇంకా శాస్త్రీయ నామం పెట్టని క్యాట్‌ఫిష్‌లకి నంబర్లు ఇచ్చే ఈ పద్ధతిని 1988లో ఒక జర్మన్ పత్రిక మొదలుపెట్టింది. ఎల్ నలభై ఆరుకి 1991లో జీబ్రా అన్న అర్థంతో పేరొచ్చినా నంబరే నిలిచిపోయింది. ఎంప్లాయీ ఐడీతో బతికేవాళ్లకి ఇందులో వింతేమీ కనబడదు. అది సహజంగా బ్రెజిల్‌లో షింగూ నదిలో తప్ప ఎక్కడా పుట్టదు, ఆ నది మీద బెలో మోంటే ఆనకట్ట కట్టేశారు. ఆ ఆనకట్ట గురించి మాట్లాడేటప్పుడు సారు గొంతు పూడుకుపోవడం చూసి, బ్రెజిల్ క్లయింటు చేజారిందేమోనని టీమంతా అనుకుంది. 2024లో పరిశోధకులు కోరీడోరాస్‌ని విడగొట్టి, ఈయన పెంచే కంచురంగు వాటిని ఆస్టియోగాస్టర్ అనే ప్రజాతిలో చేర్చినప్పుడు మాత్రం రెండ్రోజులు సెలవు పెట్టి లేబుళ్లన్నీ మార్చాడు. ఆఫీసుకి చెప్పిన కారణం ‘మైగ్రేషన్’.

ఇంత చదివాక ఈయన నగరంలో పుట్టి పెరిగిన సుకుమారుడనిపించొచ్చు. కాదు. సొంతూరు కైకలూరు పక్కన, కొల్లేటి ఒడ్డు. తండ్రికి చేపల చెరువులు. రాత్రిళ్లు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని కాపలా కాయలేకే ఇంజనీరింగ్‌లో చేరాడు. ఇప్పుడు మణికొండలో తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే, బ్యాటరీ ఎయిర్‌పంపు పట్టుకుని, అదే టార్చిలైటు వెలుతుర్లో కూర్చుంటున్నాడు. తండ్రీకొడుకుల ఫోన్లో కుశల ప్రశ్నలుండవు.

“అమ్మోనియా ఎంతుందిరా?”

“లేదు నాన్నా. అక్కడ?”

“మూడో చెరువులో పెరిగింది. జియోలైట్ చల్లించా.”

అంతే, పెట్టేస్తారు. సారు భార్య దీన్ని ఆప్యాయత అని ఒప్పుకోవడానికి పెళ్లయ్యాక నాలుగేళ్లు పట్టింది.

పోయిన శీతాకాలం ఆ పెద్దాయన మణికొండ వచ్చాడు. ట్యాంకు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒక కోరీ సర్రున పైకెళ్లి గాలి మింగి దిగింది. “ఆక్సిజన్ చాలట్లేదురా.” కాదు నాన్నా, వీటి పేగు కూడా గాలి పీలుస్తుంది అన్నాడు కొడుకు. “ఓస్, మా మార్పు చేప బురదలో కూడా గాలి పీల్చి బతకదా?” అని తేల్చేశాడాయన. పక్క ట్యాంకులో వెండిరంగు ‘షార్క్’ని చూసి నవ్వాపుకోలేకపోయాడు. షాపుల్లో ఆ పేరుతో అమ్మేది ఆయన లారీలకెత్తి హౌరా పంపే ఫంగస్ చేప, పంగాసియస్ పిల్లే. “జతకింతని ఇచ్చి కొన్నావా? నన్నడిగితే తొట్టి నింపేవాణ్ణి గదరా.”

బాల్కనీలో నీలం డ్రమ్ము దగ్గర నవ్వు ఆగింది. అందులో మూరెడు పొడవు, నల్ల మచ్చల సక్కర్ చేపలు నాలుగు. అద్దం నాకి శుభ్రం చేస్తుందని షాపువాడు చెబితే జనం వేలెడప్పుడు కొంటారు. అది అడుగున్నర దాటాక సంచిలో వేసుకుని నెక్నాంపూర్ చెరువుకి బయల్దేరతారు. అలా బయల్దేరినవాళ్ల చేతుల్లోంచి లాక్కొచ్చినవే ఈ నాలుగూ. ఆ జాతి చెరువుల్లో, నదుల్లో పడి తెగ పెరిగిపోతోంది. ఎక్కడెక్కడ చొరబడిందో పట్టుకోవడానికి మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కరిగిన డీఎన్ఏని పరీక్షించే పద్ధతి తయారుచేశారు.

పెద్దాయనకి డీఎన్ఏ అక్కర్లేదు. “ఇదా! దెయ్యం చేప! దీని ముళ్లకే గదరా మా వలలు చిరిగిపోతున్నది. మీ అద్దాల పెట్టెల్లోంచి వచ్చిందా ఇది?” సారు మాట్లాడలేదు. నాలుగింటినీ కాపాడానన్న గర్వం అప్పటిదాకా మొహంలో ఉండేది.

రాజీ మాట కోడలి నోట రావాల్సింది. కానీ ఆవిడ చాన్నాళ్లుగా ఇలాంటి రోజు కోసమే ఎదురుచూస్తోంది. సెల్‌ఫోన్లో దాచిన ఎక్సెల్ షీటు తెరిచి మావగారి చేతికిచ్చింది. మేత, ఆర్వో కార్ట్రిడ్జిలు, ఎండాకాలం చేపలకేసిన ఏసీ కరెంటు, చెన్నై కొళత్తూరు నుంచి రాత్రి బస్సులో వచ్చిన పార్సిళ్లు, చివర మొత్తం. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివాడు, మళ్లీ పైకెళ్లాడు.

“కిలోకి ఎంత పడుతోందమ్మా?”

“ఇంట్లో ఉన్నవన్నీ కలిపి తూచినా కిలో రావు మావయ్యగారూ, ఆ డ్రమ్ములోవి తప్ప.”

పెద్దాయన ఫోన్ తిరిగిచ్చేశాడు. కాసేపు కొడుకు వంక, కాసేపు ట్యాంకు వంక చూశాడు.

“పోయినేడు ఫంగస్‌లో నాకు వచ్చిన నష్టం ముందు ఇదెంతలే. కానీ ఈ కాయితం మాత్రం మీ అత్తయ్యకి చూపించకు. చూపిస్తే నా లెక్కలు కూడా ఇలాగే రాయమంటుంది.”