ఎర్రపిల్లల కాపలా: ఒక కొర్రమట్ట ఆత్మకథ

నేను కొర్రమట్టను. పుస్తకాల్లో కొర్రమీను అని రాస్తారు. పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా చేసుకున్న తెలంగాణ నన్ను రాష్ట్ర చేపగా ఎంచుకుంది. ఆ గౌరవం నాకు సంతోషమే. కానీ ఈ కథ చెప్పడానికి కారణం వేరే ఉంది. నా చెరువులో లెక్క తప్పింది. ఎవరు ఎవరిని తినాలి, ఎవరి పిల్లలు ఎన్ని బతకాలి అని నీళ్లు తరతరాలుగా నిలబెట్టుకున్న లెక్క అది. దాన్ని మళ్లీ దారికి తేవడంలో నాకొక పని ఉంది. ఆ పని నన్ను చేయనివ్వమని అడగడానికే నా బతుకు కథ చెబుతున్నాను.

నా చెరువు నిర్మల్ జిల్లా ఖానాపూర్ దాపున, సదర్మాట్ కాలువ కింద ఉంది. సదర్మాట్ అంటే నిజాం కాలంలో, 1891–92లో, గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట. దాని కాలువల కింద ఖానాపూర్, కడెం పొలాలు పండుతాయి. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఒక దిక్కు గోదావరి, ఒక దిక్కు కడెం వాగు, ఆ పైన కవ్వాల్ అడవి. వానాకాలం వచ్చిందంటే వాగులు, కాలువలు, చెరువులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఏదో ఒక నీటిలో పడ్డ చేప ఎక్కడికైనా చేరుకుంటుంది. మా చెరువుకు వచ్చిన సంపదంతా ఆ దారినే వచ్చింది. కష్టమూ ఆ దారినే వచ్చింది.

వానలకు చెరువు నిండి, నీళ్లు అంచు భూమిలోకి, అంటే శిఖంలోకి ఎక్కిన రోజుల్లో నేను పుట్టాను. గుడ్లు పెట్టే కాలంలో మా జాతి జంట లోతు నీళ్లు విడిచి అంచుకు వస్తుంది. తుంగ, నాచు ఉన్న చోట గడ్డిని పక్కకు తోసి గుండ్రంగా జాగా చేసుకుంటుంది. గుడ్లు తేనె రంగులో పైకి తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలవుతాయి. పసితనంలో మా ఒళ్లు ఎర్రగా ఉంటుంది. వందలుగా ఒకే గుంపు కట్టి తిరుగుతాం, మాటిమాటికి పైకి తేలుతాం. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు నీటి మీద ఎర్రటి మరక కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ మరక కిందనే కన్నవాళ్లు ఉంటారు. కప్ప వచ్చినా, నీరుకట్టె వచ్చినా, తమకన్నా పెద్ద చేప వచ్చినా ఎదురు తిరుగుతారు. పిల్లలు తమ తిండి తాము వెతుక్కునేదాకా ఆ కాపలా విడవరు. చాలా చేపలు గుడ్లు వదిలి తమ దారిన పోతాయి. మేం పోం. మా జాతి నిలబడ్డది ఆ కాపలా మీదనే.

మాకు మొప్పలు చాలవు. మొప్పల పైన, తలలో ఉన్న గదిలోకి గాలి గుంజుకోవాలి. పైకి రాకుండా వలలో బిగుసుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తాం. అదే ఊపిరి ఎండాకాలంలో మమ్మల్ని బతికిస్తుంది. చెరువు అడుగంటితే తడి బురదలోకి దిగి వాన కోసం కాచుకుంటాం. అంగడిలో తొట్లో వేసినా గంటలకొద్దీ ప్రాణంతో ఉంటాం. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ, పైగా కళ్లముందు కదులుతున్న చేప కాబట్టి రవ్వ, బొచ్చెల కన్నా మాకు ధర ఎక్కువ. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారు ఇచ్చే చేప ప్రసాదంలో వాడేదీ ఎక్కువగా మా పిల్లల్నే. తెలంగాణ మనిషికి మాతో ఉన్న బంధం అంత దగ్గరిది.

పెద్దయ్యాక నా పని వేట. అంచు నీళ్లలో గడ్డి చాటున కదలకుండా ఉంటాను. పరక పిల్లలు, రొయ్యలు, కప్పలు, పురుగులు, ఏది అందితే అది పట్టుకుంటాను. లోతు నీళ్లు వాలుగ చేప ఏలుబడిలో ఉండేవి, ఒడ్డు నాది. మేం తిన్నంత మాత్రాన చెరువు ఖాళీ కాలేదు. మేం తినగా మిగిలిన పిల్లలకు తిండి సరిపోయేది, అవి ఒళ్లు చేసేవి. జాలరి వలలో పెద్ద చేప పడాలంటే పిల్లల్లో కొన్ని పోక తప్పదు. మా నోళ్లు చేసిన మేలు అది.

మా జాతి మీద మొదటి దెబ్బ జబ్బు రూపంలో పడింది. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు చెరువు తర్వాత చెరువును పట్టుకుంది. ఒంటి మీద ఎర్రగా మొదలై కండను తినేసే జబ్బు అది. అందరికన్నా ఎక్కువ చచ్చినవాటిలో మా జాతి ఒకటి. రెండో దెబ్బ మా కాపలా మీదనే పడింది. ఎర్రపిల్లలు తేలిన చోట కన్నవాళ్లు ఉంటారని తెలిసినవాళ్లు అక్కడికే గాలం విసురుతారు, వల వేస్తారు. కాపలా విడవని మేం అక్కడే దొరికిపోతాం. ఒక తల్లిని పట్టినందుకు ధర బాగానే వస్తుంది. వెనక మిగిలిన వందల పిల్లలు మాత్రం పూట గడవకముందే ఎవరెవరికో మేత అయిపోతాయి. మూడో దెబ్బగా శిఖం భూములు పొలాలయ్యాయి, ఇళ్ల జాగాలయ్యాయి. మేం గుడ్లు పెట్టే అంచు తగ్గుతూ వచ్చింది.

అట్లా మా సంఖ్య పలచబడ్డ చెరువులోకి తిలాపియా దిగింది.

ఈ దేశం చేప కాదది. పుట్టిల్లు ఆఫ్రికా. పేదవాళ్లకు చవకగా మాంసకృత్తులు అందించాలని 1952లో మొజాంబిక్ తిలాపియాను భారతదేశానికి తెచ్చారు. అది చెరువులను ఎట్లా కమ్మేస్తుందో చూశాక, 1959లోనే దాన్ని ఇంకా వ్యాపింపజేయవద్దని దేశ మత్స్య పరిశోధన కమిటీ నిర్ణయించింది. అప్పటికే ఆలస్యమైంది. తర్వాత నైల్ తిలాపియా కూడా వచ్చింది. ఇప్పుడు గోదావరి వెంట అది లేని నీళ్లు వెతకాలి. మా దగ్గర దాన్ని జిలేబి అంటారు. వరదే దానికి బండి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు దాని 18 గేట్లూ తట్టుకోలేనంత నీరు వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల నీళ్లన్నీ ఏకమయ్యాయి. మరుసటి ఏడాది జులైలో మళ్లీ అంతటి వరదే. మా చెరువు మత్తడి దుంకిన ప్రతిసారీ కొత్త జిలేబి మందలు ఎదురెక్కి వచ్చాయి.

దాని బలం ఎక్కడుందో దగ్గర్నుంచి చూశాను. తల్లి గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతుంది, పిల్లలు బయటికి వచ్చాక కూడా ఆపద వస్తే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. మేం వానల కోసం ఎదురుచూస్తాం. అది నీళ్లు వెచ్చగా ఉంటే చాలు, ఏడాదిలో ఎన్నోసార్లు పిల్లలు చేస్తుంది. ఇరుకైన చెరువులో కొన్ని నెలల వయసుకే, అరచేతి పొడవు కూడా రాకముందే గుడ్లకు వస్తుంది. నాచు తింటుంది, బురదలో కుళ్లినది తింటుంది, సందు దొరికితే ఇతర చేపల గుడ్లూ తింటుంది. చెరువు నిండాక తన తిండి తనకే చాలదు. అప్పుడు దాని ఒళ్లు పెరగడం ఆగుతుంది, పిల్లలు చేయడం మాత్రం ఆగదు. వల బరువుగానే లేస్తుంది. అందులో అమ్మకానికి పనికొచ్చేది తక్కువ. రవ్వ, బొచ్చె పిల్లలకు అందాల్సిన మేత ఆ చిన్న చేపల పొట్టల్లోకి పోతుంది. రాజస్థాన్‌లోని జైసమంద్ సరస్సులో తిలాపియా పెరిగాక బొచ్చె, రవ్వల సగటు బరువు పడిపోయిందని మత్స్య శాస్త్రవేత్తలు రాసిపెట్టారు.

ఒకనాటి పొద్దున కట్ట కింద తండ్రీ కొడుకులు వల దులుపుకుంటూ మాట్లాడుకున్నారు.

“బాపు, మల్ల గివే పడ్డయి. వలంత జిలేబిలే. అరకిలోది ఒక్కటి లేదు.”

“కొర్రమట్టలు మస్తుగున్నప్పుడు గివి గింతగనం పెరగకపోయేటియి కొడుకా. ఎర్రపిల్లలు తేలినకాడల్లా తల్లిని పట్టుకుంటిమి. ఇగ గీటి పిల్లల్ని తినేదే లేకపాయె.”

ఆ పెద్దాయన చూసి తెలుసుకున్న సంగతే ప్రపంచంలో ఇంకో మూల పరిశోధకులు లెక్కలతో చూపించారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్పార్క్లింగ్ లేక్ అనే సరస్సు ఉంది. అక్కడికి బయటి నుంచి ఒక జాతి క్రేఫిష్ చేరింది. మంచినీళ్లలో బతికే, పెద్ద డెక్కలున్న రొయ్య లాంటి జీవి అది. నీటి మొక్కలను కొరికి పారేసింది, చేపల గుడ్లు తిన్నది, అడుగంతా నిండిపోయింది. అక్కడి జనం సరదాకు గాలం వేసి పట్టే చేప బాస్. మగ బాస్ మా లాగే గూడు చేసి గుడ్లకు కాపలా కాస్తుంది. గాలానికి అది చిక్కితే ఆ కాసేపట్లోనే గూటి మీద దొంగలు పడతారు. 2001 నుంచి పరిశోధకులు ఆ సరస్సులో రెండు పనులు కలిపి చేశారు. బుట్టలు పెట్టి పెద్ద క్రేఫిష్‌లను ఏరివేశారు. బాస్ లాంటి వేట చేపలను పట్టడం మీద కట్టడి పెట్టారు. పెద్దవి బుట్టల్లో పోయాయి, బుట్టకు దొరకని చిన్నవి చేపల నోళ్లలో పోయాయి. కొన్నేళ్లలో క్రేఫిష్ బాగా తగ్గింది, నీటి మొక్కలు తిరిగి లేచాయి.

నాకు ఇందులో మా చెరువే కనిపించింది. వల కన్ను గుండా జారిపోయే జిలేబి పిల్లను ఏ జాలరీ పట్టలేడు. తల్లి నోట్లోంచి బయటికి వచ్చిన ఆ పిల్లలు చేరేది అంచు నీళ్లకే, నేను కాచుకుని ఉండే చోటికే. ఆగ్నేయాసియా చేపల రైతులు తిలాపియా మడుగుల్లో మా జాతిని కొద్దికొద్దిగా వదులుతారు. అదనపు పిల్లలను మేం తినేస్తే మిగిలినవి పెద్దగా ఎదుగుతాయని వాళ్లకు అనుభవం నేర్పింది. వల ఒక్కటే చాలదు, నోరు ఒక్కటే చాలదు. పెద్దదాన్ని మనిషి, చిన్నదాన్ని నేను పట్టుకుంటేనే లెక్క కుదురుతుంది.

నా మాట నమ్మేముందు ఇంకో నిజం కూడా వినాలి. 2002లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో మా వంశపు చేప ఒకటి బయటపడింది. చైనా వైపు ఉండే జాతి అది. తినడానికి కొని తెచ్చిన చేపలను ఎవరో అందులో వదిలారు, అవి పిల్లలు చేశాయి. బాస్ బతుకుతుందా అని అక్కడివాళ్లు భయపడ్డారు, ప్రభుత్వం కుంటకు మందు పెట్టి అందులోని చేపలన్నిటినీ చంపింది. 2004 నాటికి అదే జాతి పోటోమాక్ నదిలో కనిపించింది. ఇక్కడ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన వంశం అక్కడ హానికర జీవి. అందుకే తిలాపియా మీద నాకు పగ లేదు. దాని ఊళ్లో దాన్ని తినేవాళ్లు ఉంటారు, అక్కడి నీళ్లలో దానికొక హద్దు ఉంటుంది. కట్టుదిట్టమైన మడుగులో మగవాటినే పెంచే పద్ధతిలో అది ఎంతోమందికి తిండి పెడుతోంది. హద్దు దాటించి వదిలేసినచోట మాత్రం ఏ చేపైనా చేటే.

నా మీద ఒక నేరం మోపుతారు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా ఇస్తున్న రవ్వ, బొచ్చె పిల్లలను నేను తినేస్తానంటారు. తింటాను, ఆకలి నాకూ ఉంది. దానికి మందు ఆ పథకంలోనే ఉంది. పెద్ద జలాశయాల్లో వదలడానికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను ఎంచుకుంటారు. ఆ సైజుకు వచ్చిన పిల్ల చురుకుగా తప్పించుకుంటుంది. ఊరచెరువుల్లోనూ పెద్ద పిల్లలనే వదిలితే, నా నోటికి సులువుగా అందేది జిలేబి పిల్లలే. నన్ను లేకుండా చేసిన చెరువులో ఆ రవ్వ పిల్లల నోటికాడి కూడు ఎవరు తింటున్నారో వల దులిపినప్పుడల్లా కనిపిస్తూనే ఉంది.

ఖానాపూర్ గంగపుత్రులారా, ముదిరాజులారా, చెరువు సొసైటీల పెద్దలారా, మిమ్మల్ని వేట మానమనడం లేదు. మీ వల నా చావు అని నాకు తెలుసు, అది తరాల ఒప్పందం. వానాకాలంలో నీటి మీద ఎర్రపిల్లలు తేలిన చోట మాత్రం గాలం వేయకండి, వేయనివ్వకండి. ఆ కాపలా అయిపోయాక పట్టుకోండి. శిఖం అంచున తుంగను కొంతైనా ఉంచండి, పూడిక తీసేటప్పుడు లోతు లేని ఒడ్డు ఒకటి వదలండి. జిలేబి చిన్నదైనా పెద్దదైనా వలకు పడ్డదాన్ని మళ్లీ నీళ్లలో వేయకండి. అక్వేరియం చేపను, పెంపకం మడుగు చేపను కాలువలో వదిలేవాళ్లను ఆపండి. ఒక్కో చెరువుకు సొసైటీ ఒక తీర్మానం చేసుకుంటే సరిపోయే పనులివి, ఖర్చు పెద్దగా లేనివి. ఈ వానాకాలమే మొదలుపెట్టండి. నా పిల్లలు పెరిగి ఒడ్డు నీళ్లను ఏలుకుంటే, మీ పిల్లలు లాగే వలలో రవ్వ, బొచ్చె మళ్లీ బరువు తూగుతాయి.