మాకు అవగాహన లేదన్నారట!

సౌరవిద్యుత్తుపై ప్రజలకు అవగాహన కల్పించు అధికారి గారి సముఖానికి, పల్నాడు నుంచి ఒక కౌలు రైతు విన్నపం.

అయ్యా,

మొన్న మా ఊరి సభలో తమరు, బంగారం లాంటి ఎండ ఊరికే పోతోందనీ రైతుకి దాని విలువ ఇంకా తెలియలేదనీ బాధపడ్డారు. ఎవరూ కిమ్మనలేదు. మర్యాదకి ఊరుకున్నాం గానీ ఒప్పుకుని కాదు.

కోసిన పండుమిరపలో ముప్పావు వంతు నీరే. దాన్ని పది శాతానికి దించాలంటే దాదాపు రెండు వారాల ఎండ కావాలి. పొద్దున్నే కల్లంలో పరవాలి, మధ్యాహ్నం కాళ్లతో తిరగెయ్యాలి, పొద్దుగూకేసరికి కుప్ప చేసి పట్టా కప్పాలి. నడుమ ఒక్క వాన తగిలితే కాయ మచ్చపడి తాలు కిందికి పోతుంది. గుంటూరు యార్డులో వ్యాపారి గుప్పెడు కాయ పట్టుకుని ఊపుతాడు. గలగలమంటేనే ధర. ఆ గలగల అంతా సౌరశక్తే గదండీ!

ఇక పంపుసెట్లు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో సోలార్ పంపుకి కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం పెడితే మిగతా 40 రైతుది. కానీ 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి సంతకం పెట్టిన నాటి నుంచీ వ్యవసాయ మోటారుకి కరెంటు ఉచితం. ఊరికే వచ్చేదాన్ని వదిలి అప్పు చేసి సోలార్ పలకలు ఎవరు పెట్టిస్తారు? అవగాహన లేక కాదు, కూడికలూ తీసివేతలూ వచ్చు గనక ఆగాం. పైగా బోరు ఆసామిది, పాసుపుస్తకం ఆసామిది. నాకున్నది నోటిమాట కౌలు.

ఆ ఉచిత కరెంటు కోసమేనంటూ 2021 డిసెంబరులో రాష్ట్రం వారు కేంద్ర సౌరవిద్యుత్తు సంస్థ సెకీతో 7,000 మెగావాట్లకి ఒప్పందం చేసుకున్నారు. యూనిట్ 2 రూపాయల 49 పైసలు, 25 ఏళ్లు. ఎండ మాత్రం రాజస్థాన్‌ది! ఏటా వేసవిలో పేపర్లకెక్కే మా రెంటచింతల ఎండకేం తక్కువైందో తమరే సెలవియ్యాలి. పత్తి చేలో మాడు పగలగొట్టేది స్థానికం, మోటారు తిప్పేది దిగుమతి. సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడరుకి కరెంటిచ్చే ఏర్పాటు అదే కుసుమ్‌లో ఉంది. సభలో దాని ఊసే రాలేదు.

ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్లు పెడితే పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేలు సబ్సిడీ వస్తాయన్నారు, సంతోషం. రేకుల ఇంటికి పలకలు ఆగుతాయా అని మా ఆవిడ అడిగింది. తమరు జవాబు చెప్పే ఉంటారు. సభలో తమరు చూపిన సినిమా కోసం తెచ్చిన డీజిల్ జనరేటరు మోతలో వినపడలేదు.

మాకు ఇంకో భయముంది. ఎనభైల్లో ఇలాగే చెబితే మా నాన్న గోబర్ గ్యాస్ కట్టించాడు. డ్రమ్ము తుప్పుపట్టాక బాగుచేసే మనిషి దొరకలేదు. ఇప్పుడా గుంతలో వాన నీళ్లు. కనిగిరి దగ్గర దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగిందంటే మావాళ్లు ముందడిగింది గ్యాస్ గురించి కాదు, మా పత్తికట్టె కొంటారా అని. కొనేదాకా అది చేలోనే తగలబడుతుంది. పలకల విషయంలోనూ మా ప్రశ్న ఒకటే: చెడిపోతే వచ్చేదెవరు, ఆయన ఫోన్ నెంబరెంత?

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: సభ అయ్యాక తమరి ఫ్లెక్సీ మేమే విప్పుకున్నాం. గొడ్ల చావిడి కారుతుంటే పైన పరిచాం. తమరి బొమ్మ పైకే ఉంచాం లెండి, రోజంతా ఎండ బాగా తగులుతోంది.