వడియాల పక్కన ప్రపంచం

సొంత డబ్బా కొట్టుకోవడం మనుషులకే ఉన్న జబ్బు అనుకుంటాం గానీ, దేశాలకు అంతకు రెండింతలు ఉంటుంది. మనకైతే అరుగు కావాలి, వినడానికి నలుగురు కావాలి, మధ్యలో టీ కావాలి. దేశానికి అంగుళమంత కాగితం చాలు. అంచులకు చిల్లులు పొడిచి, వెనక జిగురు పూసి, ముందువైపు తన కొండనో, కవినో, రాకెట్టునో అచ్చేసి ప్రపంచం మీదికి వదులుతుంది. ఇన్ని దేశాలు ఇన్నేసి గొప్పలు చెప్పుకుంటుంటే ఓపిగ్గా వినేవాడు ఒకడైనా ఉండాలి కదా. మా ఊళ్లో ఆ పని నేను పెట్టుకున్నాను.

మాది నందివెలుగు. తెనాలికి కూతవేటు దూరం. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే బస్సులు మా ఊరి మీదుగా పోతాయి, బస్సులో వాళ్లు మా వంక చూసీ చూడనట్టు చూస్తారు. అగస్త్యేశ్వరస్వామి గుడి, కాలవ నీళ్లు, సార్వాకు వరి, వరి కోసిన మాగాణిలో మినుము. చిన్నప్పుడు మా భూగోళం ఇంతే. తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు గనక సగం యూరప్ చూసేసినట్టే అనుకునేవాళ్లం. అసలు పారిస్ నుంచి మాత్రం మా ఊరికి ఉత్తరం రాసే నాథుడు ఉండేవాడు కాదు. ఫ్రాన్సు స్టాంపు సంపాదించేసరికి నాకు మీసాలొచ్చాయి.

స్టాంపుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి రోజువారీ రకం. అయిపోతే మళ్లీ అచ్చేస్తారు, ఏళ్ల తరబడి అదే బొమ్మ. రెండోది స్మారక స్టాంపు. ఎవరిదో శతజయంతి అనో, ఎక్కడో వంతెన కట్టారనో ఒక్కసారి అచ్చేస్తారు. చెల్లిపోతే అంతే సంగతులు, మళ్లీ వెయ్యరు. పిచ్చివాళ్లు పడి చచ్చేది ఈ రెండోదాని కోసం.

ఇలాంటి పిచ్చి ఉన్నవాడికి పల్లెటూళ్లో ఆధారం ఏమిటి? ఎదుటివాళ్ల పిల్లలు విదేశాలకు పోవడమే. మా ఇంటికి నాలుగిళ్ల అవతల మా దొడ్డమ్మ ఉండేది. వాళ్లబ్బాయి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి ఇంగ్లండు వెళ్లాడు. దొడ్డమ్మకు చదువు రాదు. ఉత్తరం రాగానే నన్ను పిలిచేది. చదివి వినిపించినందుకు కూలీ స్టాంపు. డబ్బులిస్తానన్నా తీసుకోని కుర్రాణ్ని చూసి, "వీడెంత బుద్ధిమంతుడే!" అని మా అమ్మతో అనేది. మా అమ్మ నా వంక అనుమానంగా చూసేది.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ప్రతి ఉత్తరం మీదా ఎలిజబెత్ రాణిగారి తలే. బ్రిటన్‌లో ఆ తల బొమ్మ 1967లో మొదలైంది. రంగు మారేది, ధర మారేది, రాణి మారేది కాదు. ఎరుపు రాణి, నీలం రాణి, ఆకుపచ్చ రాణి నా దగ్గర పోగుపడిపోయారు. ఆ దేశం తన పేరు కూడా స్టాంపు మీద వేసుకోదు. 1840లో ప్రపంచంలోకెల్లా మొదటి స్టాంపు, పెన్నీ బ్లాక్, మేమే వేశాం, మా పేరు చెప్పుకోవాల్సిన ఖర్మ మాకేమిటి అని దాని ధీమా. గొప్ప చెప్పుకోకుండా గొప్ప చూపించడంలో అదో పద్ధతి.

దొడ్డమ్మ తరపున జవాబు రాసేదీ నేనే. "చిరంజీవి అబ్బాయికి అమ్మ దీవించి వ్రాయునది" అని మొదలుపెట్టి, గేదె ఈనిన సంగతీ, మినుము ధర పడిపోయిన సంగతీ ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసేవాణ్ని. చివర మాత్రం నా సొంత కవిత్వం: "ఇకమీదట ఉత్తరముపై రాణిగారి బొమ్మ అతికించవద్దు. అవి మన వద్ద కావలసినన్ని కలవు. పక్షులు, ఓడలు, వంతెనలు గల స్టాంపులు అతికించవలెను. ముద్ర మూలకు పడునట్లు చూడవలెను."

వచ్చిన జవాబు నేనే చదివి వినిపించాను: "అమ్మకు ఒంట్లో ఎలా ఉంది? ఏమైనా పరాకుగా మాట్లాడుతోందా? డాక్టరుకు చూపించండి." దొడ్డమ్మ మురిసిపోయింది. "చూశావా, వెయ్యి మైళ్ల అవతలున్నా నా ఒంటి మీద ఎంత ధ్యాసో!"

ఏమైతేనేం, మందు పనిచేసింది. స్మారక స్టాంపులు రావడం మొదలైంది. తీరా చూస్తే వాటి మీదా ఓ మూల రాణిగారి చిన్న తల! పక్షి ఎగిరినా, ఓడ కదిలినా, కొత్త కోడలి వంటను కనిపెట్టుకుని కూర్చున్న అత్తగారిలా ఆవిడ మూల నుంచి చూస్తూనే ఉంటుంది.

అలా వచ్చినవాటిలో ఒకటి మా ఊరిని కుదిపేసింది. 1969లో గాంధీగారి శతజయంతికి బ్రిటన్ స్టాంపు వేసింది. దాన్ని గీసిన బీమన్ మల్లిక్ మనవాడే, కలకత్తా నుంచి వెళ్లిన బెంగాలీ. పక్కన మువ్వన్నెల జెండా, మధ్యలో గాంధీ. ఆ కవరు పట్టుకుని గుడి అరుగు మీదికి పరిగెత్తాను. అక్కడ ఖద్దరు కట్టే తాతయ్య ఒకాయన ఉండేవాడు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్లొచ్చిన మనిషి. కళ్లజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, పెట్టుకుని, కవరు ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.

"గాంధీగారేరా! వాళ్ల స్టాంపు మీదే?"

"అవును తాతయ్యా."

"మన జెండా కూడానూ! మరి ఈ మూలనున్నదెవర్రా?"

"రాణిగారు."

తాతయ్య కవరు నా చేతిలో పెట్టేశాడు. "ఈయన్ని ఇంకా వదల్లేదన్నమాట."

మనం మాత్రం తక్కువ తిన్నామా? విదేశీ వస్తువులను మంటల్లో వేయించిన మహాత్ముడికి 1948 ఆగస్టు 15న మనం వేసిన తొలి స్టాంపులు ఎక్కడ అచ్చయ్యాయి? స్విట్జర్లాండులో! ఆ లోటు పూడ్చడానికి అరవై ఏళ్లు దాటింది. 2011లో ఏకంగా ఖద్దరు గుడ్డ మీదే గాంధీ స్టాంపు అచ్చేశారు. ధర వంద రూపాయలు. తాతయ్య ఉండుంటే అంత ధర పెట్టి కొనేవాడు కాదు, నూలు ఎన్నో నంబరుదో మాత్రం తప్పకుండా అడిగేవాడు.

ఇక స్టాంపును కవరు మీంచి ఊడదీయడం ఓ వ్రతం. వట్టి చేతులతో పీకకూడదు. కవరు మూల కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో వెయ్యాలి. ఎర్ర కవరు ముక్కలు వేరే గిన్నెలో నానాలి, లేకపోతే రంగు దిగి అన్ని దేశాలూ కమ్యూనిస్టులైపోతాయి. కాసేపటికి కాగితం కిందికి దిగి, స్టాంపు దానంతటది పక్కకు జారుతుంది. వెనక మిగిలిన జిగురును వేలితో నెమ్మదిగా రాసి కడిగి, బొమ్మ కిందికి వచ్చేలా పాత పేపరు మీద ఆరబెట్టాలి. ఆరాక బరువైన పుస్తకంలో పెట్టి నొక్కాలి.

మా ఇంట్లో గోరువెచ్చని నీళ్లంటే అమ్మ కాఫీకి పెట్టిన నీళ్లు. ఆరబెట్టే చోటంటే డాబా మీద నాయనమ్మ మినప వడియాలు పెట్టిన చాప పక్కన. వడియాలకు కాకులు రాకుండా కాపలా నేనే గనక, నా స్టాంపులకూ కాపలా ఉన్నట్టే. గాలి సంగతి ఎవరికి తెలుసు? ఓరోజు డాబా మీంచి నాయనమ్మ కేక: "ఒరే, నీ దేశాలు నా వడియాల మీద పడ్డాయిరా! తీసుకుంటావా, కలిపి వేయించేయనా?" పరిగెత్తి చూస్తే హంగరీ రెండు వడియాలను కప్పేసింది, పోలండుకు పిండి అంటింది. ఆ పోలండుకు ఇప్పటికీ వెనకవైపు ఇంగువ వాసన ఉందని మా ఆవిడ అంటుంది. 2006లో మన తపాలా శాఖ గంధం వాసన వచ్చే స్టాంపు వేసి, ఆ తర్వాత గులాబీ, మల్లె, 2017లో కాఫీ వాసన స్టాంపు కూడా వేసిందని పేపర్లన్నీ రాశాయి. మా డాబా మీద ఆ పని ఎప్పుడో జరిగింది.

దొడ్డమ్మ కొడుకు ఒక్కడితో ఎన్ని దేశాలని నెట్టుకొస్తాం? తెనాలిలో పుస్తకాల కొట్లో స్టాంపుల పొట్లాలు అమ్మేవారు. పొట్లం విప్పితే కళ్లు చెదిరేవి. అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్! ఒకదాని మీద ఒలింపిక్స్, ఒకదాని మీద సీతాకోకచిలకలు, ఇంకోదాని మీద చంద్రుడి మీద దిగిన అపోలో. ఆ అజ్మానే చంద్రుడి మీదికి మనిషిని పంపిందని మా క్లాసులో చాలామంది నమ్మారు.

ఇంతా చేసి అవి ఎడారిలో బుల్లి షేకుల రాజ్యాలు. అక్కడ ఉత్తరాలు రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. విదేశీ ఏజెంట్లు షేకులకు ఇంత ముట్టజెప్పి, వాళ్ల పేరు మీద లారీలకొద్దీ స్టాంపులు అచ్చేసి, మాలాంటి పిల్లకాయలకు అమ్మారు. వాటి గుట్టు వీపు మీద ఉంటుంది. ముందు ముద్ర ఉంటుంది, వెనక జిగురు చెక్కుచెదరదు. అంటే ఒక్క కవరు మీదా ఎక్కలేదు, ఒక్క ఊరూ దాటలేదు. ప్రెస్సులోనే ముద్ర కూడా కొట్టేశారు. ఉత్తరాలు తక్కువైన దేశానికే స్టాంపులు ఎక్కువ. ఇంట్లో గింజలు లేనివాడే పెళ్లిలో పెద్ద గొంతుతో మాట్లాడటం మనం చూడనిదా? 1971లో ఆ రాజ్యాలు కలిసి ఎమిరేట్స్ అయ్యాయి, ఆ ఏజెంట్ల దుకాణాలు మూతపడ్డాయి. తర్వాత మనవాళ్లు దుబాయి బయల్దేరారు, అక్కడినుంచి నిజం ఉత్తరాలు వచ్చాయి. వాటి మీద స్టాంపులు సాదాసీదాగా ఉండేవి. అప్పటికి ఆ దేశానికి చమురుంది, డబ్బా కొట్టుకోవాల్సిన పనిలేదు.

అన్నిటినీ మించిన గొప్ప భూటాన్‌ది. 1970ల మొదట్లో ఆ దేశం స్టాంపు రూపంలో బుల్లి గ్రామఫోను రికార్డులే వేసింది. వెనక కాగితం తీసి కవరుకు అంటించొచ్చు, లేదంటే రికార్డు ప్లేయరు మీద పెడితే దేశ చరిత్ర చెబుతుంది, జాతీయగీతం పాడుతుంది. దేశాలు గొప్పలు చెప్పుకుంటాయని నేనంటే నవ్వేవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నిజంగానే నోరు తెరిచి చెప్పింది.

మా డెల్టాలో స్టాంపులకు అసలు శత్రువు ముసురు. వానాకాలం వచ్చిందంటే గోడలు చెమరుస్తాయి, అప్పడాలు మెత్తబడతాయి, జిగురున్న స్టాంపు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. ఆల్బంలో జాగా చాలక ఒకదాని మీద ఒకటి సర్దిన తూర్పు, పశ్చిమ జర్మనీలు 1990 కంటే ఎంతో ముందే నందివెలుగులో ఏకమైపోయాయి. ఈజిప్టు, ఇజ్రాయెల్ కూడా కావలించుకున్నాయి. ఐక్యరాజ్యసమితి తల బద్దలు కొట్టుకున్న పనిని మా ఊరి శ్రావణమాసం ఒక్క వారంలో చేసింది.

స్టాంపులు దాచేవాణ్ని చూసి చుట్టాలు అడిగేది ఒకటే: "ఎంతొస్తుందేమిటి?" ఒక బావమరిది బ్రిటిష్ గయానా కథ ఎక్కడో విన్నాడు. 1856 నాటి ఒక సెంటు స్టాంపు, మూలలు కత్తిరించేసి, రంగు మాసిపోయి, ప్రపంచంలో ఒకే ఒక్కటి మిగిలింది. పన్నెండేళ్ల కుర్రాడు ఇంట్లో దొరికిందాన్ని ఆరు షిల్లింగులకు అమ్మేశాడు. అదే స్టాంపు 2014లో న్యూయార్కు వేలంలో తొంభై నాలుగు లక్షల డాలర్లు దాటింది. అప్పట్నుంచి బావమరిది మా ఇంటికొస్తే ముందు నా ఆల్బం తిరగేస్తాడు, మూలలు చిరిగినవి ఎన్నున్నాయో లెక్కపెడతాడు. ఈ రోజుల పిల్లలకైతే 2017 నుంచి దీనికి స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా, పరీక్షలో నెగ్గితే ఏడాదికి ఆరువేలు. మా రోజుల్లో ఇదే పనికి వీపు మీద ముద్ర పడేది.

మా వైపు వాళ్లకు పట్టుదల ఇంకొకటి: మనవాళ్లు ఎంతమంది స్టాంపెక్కారు? తెనాలి మునిసిపల్ చైర్మనుగా చేసిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారికి 1987లో స్టాంపు వచ్చింది. మన జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రికి 2011లో వచ్చింది. ఆ స్టాంపు చూసి మా బాబాయి, "మాయాబజార్‌లో ఇంతకంటే బాగుంటుంది" అని పెదవి విరిచాడు. విరిచి ఊరుకున్నాడా? "బతికున్నవాళ్లకు వెయ్యరా?" అని అడిగాడు.

నేను ఓపిగ్గా చెప్పాను. మామూలుగా వెయ్యరు బాబాయ్. కార్వే గారికి 1958లో వేశారు, ఆయనకు అప్పుడు నూరేళ్లు. హైదరాబాదును మూసీ వరదల నుంచి కాపాడే ఉపాయం చెప్పిన విశ్వేశ్వరయ్యగారికి 1960లో వేశారు, ఆయనదీ నూరేళ్ల పండగే. సచిన్‌కు 2013లో వేశారు, ఆయన అప్పుడు రెండొందలో టెస్టు ఆడుతున్నాడు.

బాబాయి వేళ్లు మడిచి చూసుకున్నాడు. నూరేళ్లకు ఇంకా టైముంది, టెస్టులకు మోకాళ్లు సహకరించవు. మూడోదారి మనవడు చెప్పాడు: పోస్టాఫీసులో 'మై స్టాంప్' అని ఉంది, ఫొటో ఇచ్చి మూడొందలు కడితే మన బొమ్మ పక్కన పెట్టి పన్నెండు స్టాంపులు అచ్చేసి ఇస్తారు. ఒక్కోటీ అయిదు రూపాయల స్టాంపు. అంటే అరవై రూపాయల సరుకు, మిగతా రెండొందల నలభై మన మొహానికి. బాబాయికి ఆ బేరం న్యాయంగానే కనిపించింది.

స్టాంపులొచ్చాయి. పట్టు కండువా, బొట్టు, కాస్త ఎత్తిన గడ్డం, అచ్చం దేశాధినేతే. "వీటితో మనవాళ్లకు ఉత్తరాలు రాయి బాబాయ్, ముద్రతో ఉంటేనే విలువ" అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "నా మొహం మీద నల్ల ముద్ర గుద్దించుకోవడానికా మూడొందలు పోసింది?" పదకొండు బీరువాలో పెట్టి తాళం వేసి, ఒకటి నాకు దయచేశాడు. ముందు ముందు రేటు పెరుగుతుందని హెచ్చరించాడు కూడా.

విశ్వేశ్వరయ్యగారి పక్కన పెట్టమన్నాడు గానీ నాకు చేతులు రాలేదు. అజ్మాన్ పేజీలో పెట్టాను. ఒక్క ఊరూ దాటకపోయినా మొహంలో దర్జా తగ్గనివాళ్లంతా అక్కడే ఉన్నారు మరి.