గేటు దగ్గర ఎవరో డాలస్‌ని అడగాలి

తెనాలిలో మా హాలు మూలన, పైకప్పుకి కాస్త కిందగా ఒక గుండ్రటి తల వేలాడుతుంటుంది. మెడ తిప్పుతుంది, వంచుతుంది. తిప్పేది మాత్రం డాలస్‌లో ఉన్న మా చంటిగాడు. అమ్మానాన్నలు మాత్రలు వేసుకున్నారా, గ్యాస్ కట్టేశారా అని కనిపెట్టుకుని ఉండడానికి పెట్టించాడు. పెత్తనం తనదే అనుకున్నాడు, పాపం.

వాడు ఫోన్లో బాణం గుర్తు నొక్కితే ఆ నొక్కుడు తిన్నగా మా ఇంటికి రాదు. మా ఇంటర్నెట్ అడ్రసు చాలా ఇళ్లకి ఉమ్మడిది. బయటినుంచి వచ్చిన కబురు ఏ ఇంటిదో తేలదు. అందుకని కెమెరాయే పొద్దస్తమానం కంపెనీ సర్వర్‌తో లైను కలిపి ఉంచుకుంటుంది. చంటిగాడి ఆజ్ఞ ముందు అక్కడికి వెళ్లి, ఆ లైను పట్టుకుని మా హాల్లోకి దిగుతుంది. ఈలోగా ఒకటి రెండు సెకన్లు గడుస్తాయి. వాడికి అంత ఓపిక లేదు, తల్లి పోలిక. ఎడమకి నొక్కుతాడు, కదల్లేదని మళ్లీ నొక్కుతాడు. రెండు నొక్కుళ్లూ కలిసి దిగబడేసరికి కెమెరా నన్ను దాటి, దేవుడి గూడు దాటి, అలిగిన కొత్తల్లుడిలా గోడకేసి తిరిగి కూచుంటుంది.

పాత కెమెరాలు ఇంకా మొండివట. పెల్కో-డి అనే పద్ధతిలో ఒక్కో ఆజ్ఞ ఏడే బైట్లు. ‘ఎడమకి తిరుగు’ అన్నామంటే, ఆగమనే ఇంకో ఏడు బైట్లు అందేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ రెండోది దారిలో తప్పిపోయిందా, గోవిందా!

ప్రీసెట్లని ఇంకో సదుపాయం ఉంది. కెమెరా కొన్ని కోణాల్ని గుర్తుపెట్టుకుని, ఒక్క నొక్కుతో అటు తిరుగుతుంది. చంటిగాడు ఒకదానికి ‘గేటు’ అనీ, ఇంకోదానికి ‘నాన్న’ అనీ పేర్లు పెట్టుకున్నాడు. దానికి తెలిసింది కోణమేగాని నాన్న కాదు. ఎండ పడుతోందని నేను పడక్కుర్చీ ఇవతలికి లాక్కున్నాను. అక్కడ వాడు ‘నాన్న’ నొక్కితే ఖాళీ గచ్చు కనబడింది. పది నిమిషాల్లో పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, వాళ్ల వెనకే బీపీ మిషనుతో డాక్టరుగారు దిగారు. ఇంతమంది పలకరించి చాలా కాలమైంది. అందరికీ కాఫీలిప్పించాను.

మా ఆవిడ ఈ యంత్రాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. వంటింట్లో చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు గేటు చప్పుడైతే, ఫోను స్పీకర్లో పెట్టి, “ఒరేయ్ చంటీ, ఎవరొచ్చారో చూడరా” అంటుంది. వాడు తిప్పి చూసి, “పాలబ్బాయమ్మా” అంటాడు. మా గేటు సంగతి సముద్రాలు దాటి వెళ్లి వంటింట్లోకి వస్తుంది. నేను హాల్లోనే పేపరు చదువుకుంటూ ఉంటాను. నన్నెవరూ అడగరు.

అంగారకుడి మీద ఉన్న పర్సెవరెన్స్ రోవర్‌కి నాసావాళ్లు ఇలా బాణాలు నొక్కుతూ కూచోరు. సంకేతం చేరడానికే, దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అందుకని ఎటు కదలాలో, ఏం ఫొటో తీయాలో జాబితా రాసి ముందే పంపేస్తారు. మా ఆవిడకి ఎవరు చెప్పారో గాని, ఆవిడదీ అదే పద్ధతి. ఎనిమిదింటికి పాలు, తొమ్మిదింటికి కూరలబండి, పదకొండింటికి మేడ మీద వడియాలు.

వడియాల కోసమే మేడ మీద రెండో కెమెరా వెలిసింది. దానికి స్పీకరుంది. మనకి పదకొండంటే డాలస్‌లో అర్ధరాత్రి ప్రాంతం. అంతరాత్రివేళ చంటిగాడు లేచి ‘హుష్ హుష్’ అంటాడు. ఆ హుష్ ఇక్కడికి చేరేలోపు మొదటి కాకి వడియంతో ఎగిరిపోతుంది. తిట్లు రెండో కాకికి తగులుతాయి.

మొన్న ఆ రెండోది ఏకంగా కెమెరా తల మీదే ఎక్కి కూచుంది.

“అమ్మా, ఎటు తిప్పినా తోకే కనబడుతోందే!” అన్నాడు వాడు నిద్రగొంతుతో.

“తిప్పుతూనే ఉండరా” అంది మా ఆవిడ. “కళ్లు తిరిగి అదే దిగుతుంది.”