ఫారిన్ జీతానికి పన్నేంట్రా అన్నాను

తెలిసిన ఒక్క ముక్క పట్టుకుని తెలియని సంగతులకి కూడా తీర్పు చెప్పేస్తుంటాం. మీరూ ఎప్పుడో చెప్పే ఉంటారు. నేను అలా చెప్పి మా మేనల్లుడి నెత్తిన వడ్డీ పెట్టాను. మీతో చెప్పుకుంటేగాని ఆ బరువు దిగదు.

గజపతినగరంలో జీతాల లెక్కలు, రిటర్నులు చూసి బతుకుతున్నవాణ్ణి. మా చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కి వెల్డింగుకీ పైపు ఫిట్టింగుకీ వెళ్లినవాళ్లు నా దగ్గరికి వస్తారు. పాస్‌పోర్టులో ముద్రలు లెక్కపెడతాను. ఏడాదిలో ఇక్కడున్నది 182 రోజుల లోపైతే, అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను లేదు. దుబాయ్‌లో అయితే అక్కడా లేదు. "ఏమీ కట్టక్కర్లేదు" అనగానే వాళ్ల మొహాలు వెలిగేవి. నాకేమో ఆ పన్ను నేనే రద్దు చేసినంత గర్వం!

ఇంతలో మా అక్క గుంటడికి సింగపూర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఊరు కదలక్కర్లేదు, మేడమీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు. కంపెనీకి ఇండియాలో ఆఫీసు లేదు. పేస్లిప్పులో కోత ఒక్కటీ లేదు. "పన్ను కట్టాలా మావయ్యా?" అన్నాడు. పుస్తకం తియ్యలేదు, ఎవర్నీ అడగలేదు. "ఫారిన్ జీతానికి పన్నేంట్రా!" అనేశాను. వాడు నమ్మాడు, మా అక్క నమ్మింది, పెళ్లిళ్లలో పదిమందికీ అదే చెప్పాను. ముందస్తు పన్ను కట్టాల్సిన గడువులు ఒక్కొక్కటే దాటాయి: జూన్ 15 పోయింది, సెప్టెంబరు 15 పోయింది, డిసెంబరు 15 పోయింది, మార్చి 15 కూడా పోయింది. వాడు డబ్బంతా పెట్టి ఇంటికి స్లాబు పోయించాడు. మిగతా పనికి లోనంటే బ్యాంకువాళ్లు రిటర్ను అడిగారు. అప్పుడు తీశాను పుస్తకం. ఏడాది పన్ను మొత్తం బాకీ, కట్టని ముందస్తు పన్ను మీద నెలకి ఒక శాతం వడ్డీ!

డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందనే చూశాను, మనిషి ఎక్కడుండి పని చేశాడో చూడలేదు. వెల్డరు చెయ్యి ఆడింది దుబాయ్‌లో, మావాడి వేళ్లు ఆడింది గజపతినగరంలో. ఇక్కడ నివాసం ఉన్నవాడికి జీతం ఎక్కణ్ణుంచి వచ్చినా పన్ను ఇక్కడే లెక్కకడతారు. టీడీఎస్ కోసే యజమాని ఇక్కడ లేకపోతే ఆ పూచీ ఉద్యోగిదే. కోతల్లేవని మురిసిపోయాను గాని, పీఎఫ్ కూడా లేదన్న ఆలోచనే రాలేదు.

వడ్డీ నేను కడతానంటే వాడు ఒప్పుకోలేదు. "ఇకమీదట చూసి చెప్పు మావయ్యా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఏ కుర్రాడొచ్చినా ముందు మూడు సంగతులు అడుగుతున్నాను: ఎక్కడ కూర్చుని పని చేస్తున్నావు, ఏడాదిలో ఎన్ని రోజులు ఇక్కడున్నావు, కాగితంలో ఉద్యోగి అని రాశారా, కాంట్రాక్టరు అని రాశారా. జీతం పడిన రోజే పన్ను వాటా వేరే ఖాతాలో వేయిస్తున్నాను. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లలుంటే ఇవే అడగండి. జూన్ 15 రాకముందే అడగండి.